చీటీ వేసినవారి పాట ఎప్పుడు?

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం సంక్రాంతి వేడుకలో వేదిక మీద పెట్టిన జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే కోరిన పాట మోగించే పెట్టె) బొమ్మ అందరికీ నచ్చింది. రంగురంగుల లైట్లు, పక్కనే ‘మీ పాట కోరండి’ అన్న బోర్డు, చీటీలు వేయడానికి అట్టపెట్టె. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు వెళ్లగానే కళ్లజోడు సర్దుకుని ఘంటసాల పద్యం ఒకటి రాసి వేశారు. పద్యనాటకాలకు తెల్లవార్లూ కూర్చుని, ‘వన్స్ మోర్’ అని కేకేసి మళ్లీ పాడించుకున్న తరం ఆయనది. లేస్తే తన పాట వచ్చేస్తుందేమోనని భోజనానికి కూడా లేవలేదు. నేనే పులిహోర తెచ్చి చేతికిచ్చాను. సాయంత్రం దాకా వచ్చినవన్నీ పెద్ద విరాళాలిచ్చిన ప్లాటినం స్పాన్సర్ల కుటుంబాలు ముందే ఇచ్చిన పాటలు. హాలు ఖాళీ చేసేటప్పుడు చీటీల పెట్టె విప్పకుండానే చెత్త సంచిలోకి వెళ్లింది. “వాళ్లకి టైము చాల్లేదులే అమ్మా” అన్నారాయన కార్లో. ఆ సర్దుబాటు మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

జ్యూక్‌బాక్స్ పుట్టుక తెలిస్తే మనవాళ్లు ఇలా చేసేవారు కాదని నమ్ముతున్నాను. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలే రాయల్ సెలూన్‌లో లూయీ గ్లాస్ అనే ఆయన ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అనే పాటలు వినిపించే యంత్రానికి నాణెం వేసే ఏర్పాటు చేసి పెట్టాడు. యాంప్లిఫయర్లు అప్పటికి లేవు. నాలుగు గొట్టాలుండేవి, నికెల్, అంటే 5 సెంట్లు, వేసినవారు ఒక గొట్టాన్ని చెవికి పెట్టుకుని వినాలి. పాట ఎంచుకునే వీలు, హాలంతా వినిపించే గొంతు తర్వాత వచ్చాయి. ‘జ్యూక్’ అన్న పేరు ఇంకా తర్వాతిది. సౌత్ కరొలినా, జార్జియా తీరాల నల్లజాతివారి గల్లా భాషలో అల్లరి, రభస అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చిందని ఎక్కువమంది భాషావేత్తలు అంటారు. తెల్లజాతివారి హోటళ్లలోకి నల్లవారిని రానివ్వని రోజుల్లో, పొలాల్లో, కలప క్యాంపుల్లో ఒళ్లు వంచిన కూలీలు సాయంత్రం చేరి ఆడిపాడుకున్న పాకలే జ్యూక్ జాయింట్లు. రేడియోలు అరుదుగా వేసిన నల్ల గాయకుల రికార్డులు ఈ పెట్టెల్లో మోగాయి.

పెట్టెలో ఏ రికార్డులుండాలో దాని యజమానే నిర్ణయించేవాడు, నిజమే. స్పాన్సర్లు లేకపోతే మనకు హాలూ లేదు, భోజనాలూ లేవు. వారి పిల్లలు ఆడిపాడితే నాకూ సంతోషమే. కానీ నికెల్ వేసినవాణ్ని ఎవరబ్బాయివని ఆ పెట్టె అడగలేదు. మన దగ్గర కూడా వివిధభారతి జనరంజనికి కార్డు రాసినవారి ఇంటిల్లిపాది పేర్లూ, ఊరి పేరుతో సహా చదివి పాట వేసేవారు. ఆ మర్యాద మనం ఇక్కడికి తెచ్చుకోలేదు. ఎవరెంత ఇచ్చారు, ఎవరిది ఏ జిల్లా అని చూసే అలవాటు మాత్రం భద్రంగా తెచ్చుకున్నాం.

కార్యవర్గానికి నా విన్నపం. ఉగాది కార్యక్రమం ఇంకా ఖరారు కాలేదు కదా. పంచాంగ శ్రవణం అయ్యాక ఒక గంట చీటీలకు వదలండి. తెలుగు బడి పిల్లలతో చీటీలు తీయించి, ఏది వస్తే అది, కోరినవారి పేరూ ఊరూ చదివించి వేయండి. జ్యూక్ జాయింట్ల సంగతి ఆ పిల్లలకు ముందే చెప్పండి. చీటీలు పోగుచేసి పాటలు వెతికిపెట్టే పని నాకివ్వండి.