ఆపరేషన్ అన్న మాట చాటున

కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో కాసేపు కూర్చుంటే ఆపరేషన్ అన్న మాట బరువు తెలుస్తుంది. ఆదోని నుంచి, అనంతపురం నుంచి, నది అవతల గద్వాల నుంచి వచ్చినవాళ్లు చాపలు, సద్దిమూటలతో తలుపు వైపే చూస్తుంటారు. డాక్టరు బయటికొస్తే అందరూ లేచి అడిగేది ఒక్కటే: "సార్, మనిషి ఎట్లుండాడు?" ఎన్ని గంటలు పట్టింది, ఎన్ని కుట్లు పడ్డాయి అన్నవి ఆ తర్వాత.

యుద్ధ వార్తల్లో అదే మాటను మేము రోజూ అచ్చేస్తున్నాం. 'ఆపరేషన్ మొదలైంది', 'గ్రౌండ్ ఆపరేషన్', 'ఆపరేషన్ సక్సెస్'. మనిషి ఎట్లున్నాడన్నది మాత్రం చాలాసార్లు ఐదో పేరాలోకి పోతోంది. చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేదీ అదే.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. పుతిన్ దానికి 'ప్రత్యేక సైనిక ఆపరేషన్' అని పేరు పెట్టారు. యుద్ధమనీ, దురాక్రమణ అనీ రాయకూడదని అక్కడి మీడియా నియంత్రణ సంస్థ రెండు రోజుల్లోనే పత్రికలను ఆదేశించింది. సైన్యం గురించి తప్పుడు సమాచారం ఇచ్చారంటే 15 ఏళ్ల దాకా జైల్లో పెట్టే చట్టం మార్చి మొదటి వారంలో వచ్చింది. ఆ రోజుల్లోనే అక్కడ చిక్కుకున్న మన వైద్య విద్యార్థులను తెచ్చేందుకు కేంద్రం 'ఆపరేషన్ గంగ' నడిపింది. బంకర్లలో తలదాచుకున్న పిల్లల కోసం తల్లులు రాత్రంతా ఫోన్లు పట్టుకుని టెన్షన్‌తో కూర్చున్నారు. ఆ పిల్లలను ఇల్లు చేర్చిన పనికీ, వాళ్లు చదువుకునే ఊళ్ల మీద బాంబులు వేసిన పనికీ పేపర్లో ఒకటే మాట.

తుంగభద్ర ఒడ్డున ఉన్న మనకు ఇది కొత్త కాదు. 1948లో నదికి ఇటు మద్రాసు రాష్ట్రం, అటు నిజాం రాజ్యం. సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి కదిలింది. సైన్యం కాగితాల్లో అది 'ఆపరేషన్ పోలో'. జనానికి అందిన మాట 'పోలీసు యాక్షన్'. పెద్దవాళ్లు ఇప్పటికీ అదే అంటారు. ట్యాంకులు, విమానాలు కదిలిన చోట పోలీసులెక్కడ? రజాకార్ల దౌర్జన్యం నిజం, విలీనం అవసరమూ నిజం. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేయడమూ నిజమే. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం ముందుకు రాలేదు. 'యాక్షన్' అన్న చిన్న మాటే మన పిల్లల దాకా వచ్చింది.

చర్చిల్ మన దేశానికి మేలు చేసినవాడేం కాదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినదగ్గది. ఎక్కువమంది చనిపోయే అవకాశమున్న దాడులకు గొప్పలు చెప్పే పేర్లు, తేలిక పేర్లు పెట్టొద్దని 1943 ఆగస్టులో ఆయన తన అధికారులకు రాశాడు. తన కొడుకు ఫలానా వెకిలి పేరున్న ఆపరేషన్‌లో చచ్చిపోయాడని ఏ తల్లీ చెప్పుకోవాల్సి రాకూడదన్నది ఆయన బాధ.

2025 మేలో ఉమ్మడి అనంతపురం జిల్లా తండా నుంచి వెళ్లిన ఒక యువ సైనికుడు 'ఆపరేషన్ సిందూర్' రోజుల్లో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం వదిలాడు. ఆ ఇంట్లో వాళ్లకు ఆపరేషన్ పేరుతో పనిలేదు. బిడ్డ పేరే కావాలి. ఆ వారమంతా మా పత్రికలో పెద్దక్షరాలు ఆపరేషన్‌కే దక్కాయి. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం.

అందుకే మా డెస్క్‌కు ఒక మాట చెప్పాం. ప్రభుత్వాలు, సైన్యాలు పెట్టుకున్న పేరును వార్తలో ఒక్కసారి, వాళ్లు పెట్టిన పేరుగానే రాయాలి. ఆ తర్వాత జరిగింది జరిగినట్టే రాయాలి. బాంబు వేస్తే వేశారని, ఇల్లు కూలితే కూలిందని, ఎవరు వేశారో తెలిస్తే వాళ్ల పేరుతో, తెలియకపోతే తెలియదని. చనిపోయినవారి లెక్క మొదటి పేరాలోనే ఉండాలి. వాళ్లు అటువైపువాళ్లయినా సరే.