సీటు ఎత్తు కన్నా బరువు చూడండి

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ బండెక్కేవాళ్లు సీటు ఎత్తు చూసుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి అడ్వెంచర్ బైక్ హిమాలయన్ 450 కొనేయొచ్చని మీ వ్యాసంలో రాశారు. మంచి బండే, కాదనను. సీటు 825 మి.మీ. దగ్గర పెట్టుకోవచ్చు, ఒక కాలు పూర్తిగా ఆనితే చాలు. అసలు ఇబ్బంది 196 కిలోల బరువుతో. స్ప్లెండర్‌కు అలవాటైన చేతులకు అది నడిపేటప్పుడు తెలియదు, వాలులో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. అందుకే టెస్ట్ రైడ్‌లో ముందు ఇంజిన్ ఆపి, బండి దిగి, కొద్దిపాటి వాలులో పైకి నెట్టి చూడండి. తర్వాత క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద కాలుంచి, ఇరుకులో యూ-టర్న్ తిప్పండి. ఈ రెండూ భయం లేకుండా కుదరకపోతే సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ చూడండి. దాదాపు 30 కిలోలు తక్కువ, ట్యూబ్‌లెస్ అల్లాయ్ చక్రాలు. మారేడుమిల్లి ఘాట్‌కు, మామూలు మట్టిరోడ్లకు అది బాగా సరిపోతుంది.

హిమాలయనే కావాలంటే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలున్న రకమే తీసుకోండి. ట్యూబు రకమైతే ముందు చక్రానికి పట్టే 21 అంగుళాల ట్యూబు ఒకటి వెంట ఉంచండి, అత్యవసరంలో వెనక 17 అంగుళాల చక్రానికీ పనికొస్తుంది.

బండి కుడివైపు పడితే లేపేముందు సైడ్ స్టాండ్ దించి, గేరులో వేయండి. లేకపోతే లేచిన బండి ఎడమవైపు పడుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, వీపు సీటుకు ఆనించి, కాళ్లతో లేపాలి. నడుముతో కాదు.