గీత మార్చినవాళ్ల సంతకం ఎక్కడ?

హైదరాబాద్ చుట్టూ, అవుటర్ రింగ్ రోడ్డుకు అవతల తలపెట్టిన రీజినల్ రింగ్ రోడ్డు (ట్రిపుల్ ఆర్) దక్షిణ భాగం ఏయే సర్వే నంబర్ల మీదుగా పోతుందో 2025 ఆగస్టు ఆఖరులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ బయటపెట్టింది. సెప్టెంబరులో అమీర్‌పేటలోని ఆ సంస్థ ఆఫీసుకు రైతులు అభ్యంతర పత్రాలు పట్టుకుని గుంపులు గుంపులుగా వచ్చారు, ధర్నాలు చేశారు. పరిహారం ఎంతిస్తారన్నది వాళ్ల రెండో ప్రశ్న. మునుపు చెప్పిన దారి ఎందుకు మారిందన్నది మొదటిది. పెద్దల భూములు తప్పించడానికే రోడ్డును వంకర తిప్పారని వాళ్ల ఆరోపణ. అది నిజమో కాదో నేను తేల్చలేను. బయట ఉన్న ఎవరూ తేల్చలేరు. తేల్చడానికి కావాల్సిన కాగితం ప్రజల చేతికి రాలేదు.

ఆ కాగితం కోసమే ఈ వ్యాసం. రోడ్డు కానీ, మెట్రో కానీ, ఫ్లైఓవర్ కానీ, ఒకసారి చెప్పిన అలైన్‌మెంట్‌ను, అంటే అది పోయే దారి గీతను, మారిస్తే ఎందుకు మార్చారు, ఎవరు అడిగితే మార్చారు, పాత దారిలో ఎవరి భూమి పోయేది, కొత్త దారిలో ఎవరిది పోతోంది అన్న నాలుగు సంగతులూ రాసి, బాధ్యత గల అధికారి సంతకం పెట్టి, ఆ ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. అప్పటిదాకా ఒక్క గుంట కూడా సేకరించకూడదు. ఇంతకు తక్కువ ఏది చేసినా దాన్ని జవాబుదారీతనం అనడానికి లేదు.

హైదరాబాద్‌లో ఈ కాగితం లేకపోవడం ఏ ఒక్క పార్టీ పాపమూ కాదు. 2008లో మెట్రో కాంట్రాక్టు సత్యం రామలింగరాజు కుటుంబ సంస్థ మేటాస్‌కు దక్కింది. సర్కారే ఎదురు డబ్బులిచ్చి కట్టించుకోవాల్సిన పని చేయడానికి ఆ సంస్థ ప్రభుత్వానికే 30,311 కోట్లు చెల్లిస్తానంది. ఇందులో మతలబు రియల్ ఎస్టేట్ అని ఢిల్లీ మెట్రో సారథి ఇ.శ్రీధరన్ కేంద్ర ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే, అప్పటి ప్రభుత్వం లెక్కలు బయటపెట్టలేదు సరికదా పరువు నష్టం దావా వేస్తామంది. కొద్ది నెలలకే సత్యం కుంభకోణం బద్దలైంది, కాంట్రాక్టు రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. దానికి కేంద్రం నుంచి ప్రాజెక్టు గిట్టుబాటయ్యేందుకు లోటు పూడ్చే 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ నిధులు, స్టేషన్ల దగ్గరా డిపోల్లోనూ 269 ఎకరాలు. 2017 నవంబరు 28న తొలి రైలు కదిలింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 2025 సెప్టెంబరులో, దాదాపు 13 వేల కోట్ల అప్పు నెత్తికెత్తుకుని, వాటా కింద మరో రెండు వేల కోట్లిచ్చి, రాష్ట్రం ఆ మెట్రోను తనే తీసుకోవడానికి ఒప్పుకుంది. 2008 నాటి అంచనా తప్పా, 2010 నాటి ఒప్పందం తప్పా, ఆ తర్వాతి నిర్వహణ తప్పా? అప్పు మాత్రం పన్ను కట్టే ప్రతి ఇంటి మీదికీ వచ్చింది. తప్పు ఎవరిదో చెప్పినవాళ్లు లేరు.

ఎయిర్‌పోర్టు మెట్రో సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2022 డిసెంబరు 9న కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన చేశారు. అంచనా 6,250 కోట్లు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, రేవంత్ రెడ్డి ఆ లైను ఆపేసి నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా తీసుకెళ్తామన్నారు. నా మట్టుకు రెండో దారే మెరుగు. జనం ఉన్నచోటు నుంచి రైలు పోవాలి. పాతబస్తీ మొదటి దశ ప్లాన్‌లోనే ఉండీ మెట్రోకు నోచుకోలేదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు కట్టకుండా వదిలేస్తే, అక్కడివాళ్లు ఇన్నేళ్లూ బస్సుల్లో, ఆటోల్లో వేలాడుతూ పనికి పోయారు. అయినా అడుగుతున్నాను: మొదటి దారిని ఏ లెక్కలతో ఖరారు చేశారు? ఏ లెక్కలతో కాదన్నారు? రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పత్రం పౌరులకు ఎవరిచ్చారు? కేంద్రం 2017లో తెచ్చిన మెట్రో విధానం ప్రత్యామ్నాయాల విశ్లేషణ తప్పనిసరి అంటుంది. ఆ విశ్లేషణ ఢిల్లీకి పంపే ఫైలులో ఉంటే సరిపోదు, చాంద్రాయణగుట్టలో ఇల్లు పోతున్నవాడి ఇంటికి రావాలి.

నగరంలో తిరిగే లోకల్ రైళ్లు ఎంఎంటీఎస్ రెండో దశను 2012-13లో 816 కోట్లతో మంజూరు చేశారు. రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టాలని ఒప్పందం. మేడ్చల్ లైను మీద రైలు ప్రారంభమైంది 2023 ఏప్రిల్‌లో. మధ్యలో పదేళ్లు రాష్ట్రం వాటా ఇవ్వలేదని రైల్వే, రైల్వే తీరు బాగాలేదని రాష్ట్రం. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయే గుమస్తాకు ఈ ఇద్దరిలో ఎవరిని నిలదీయాలో ఇప్పటికీ తెలియదు.

ఇక అవుటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల రోడ్డు మీద టోల్ వసూలు హక్కును 2023లో ముప్పై ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ అనే ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న ఎంపీ రేవంత్ రెడ్డి సమాచార హక్కు కింద వివరాలు అడిగారు. ఇవ్వడం లేదని హైకోర్టుకు వెళ్లారు. మంచి పని చేశారు. ఆ రోజుల్లో సమాచారం దొరకని మామూలు మనిషి ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. 2023 ఫిబ్రవరి నుంచి ఆ కమిషన్‌లో కమిషనర్ అనేవాడే లేడు. 2023 డిసెంబరులో ఆ రేవంత్ రెడ్డే ముఖ్యమంత్రి అయ్యారు. కమిషన్‌లో కుర్చీలు నిండింది 2025 మే నెలలో. ఒక ఫైలు కోసం హైకోర్టు మెట్లెక్కిన నాయకుడు, గద్దెనెక్కాక, అందరికీ ఫైలు ఇప్పించే కార్యాలయాన్ని ఏడాదిన్నర దాకా ఖాళీగా ఉంచారు. లీజు మీద సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) దర్యాప్తు అని 2024 డిసెంబరులో అసెంబ్లీలో చెప్పారు. దర్యాప్తు గత ప్రభుత్వం మీద. జవాబుదారీతనం అంటే ఇవాళ తన సంతకంతో వెళ్తున్న ఫైలు మీద ప్రశ్నను రానివ్వడం.

చట్టం కూడా రైతు పక్షాన లేదని చాలామందికి తెలియదు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా చేయమంది, బహిరంగ విచారణ పెట్టమంది. జాతీయ రహదారికి అది వర్తించదు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి పరిహారం లెక్కలే 2013 చట్టం ప్రకారం కడతారు, ప్రభావ అంచనా అక్కర్లేదు. రైతుకు మిగిలేది భూమి తీసుకుంటామని చెప్పే 3ఏ నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో ఒక అభ్యంతర పత్రం. విని, తోసిపుచ్చే అధికారి రెవెన్యూ శాఖవాడే, ఆయన మాటే ఖరారు. సేకరణను ఖాయం చేసే 3డి నోటిఫికేషన్ వచ్చిందంటే భూమి కేంద్రానిదైపోయినట్టే. పైగా ఆ అభ్యంతరం తన సర్వే నంబరు గురించే వేసుకోగలడు. మొత్తం గీత ఎందుకు ఇలా తిరిగిందని అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు. పరిహారం మీద తగాదా వస్తే మధ్యవర్తి జిల్లా కలెక్టరే. మార్కెట్‌లో కోటి పలికే ఎకరానికి రిజిస్ట్రేషన్ విలువను బట్టి లెక్క కడితే ఏం వస్తుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 2023 జూన్‌లో ట్రిపుల్ ఆర్ ఉత్తర భాగం అలైన్‌మెంట్‌ను వ్యతిరేకించిన రాయగిరి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. అంతకుముందు రోడ్డు తమ మీదుగా వద్దని అర్జీలు పెట్టుకున్న మనుషులు వాళ్లు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది ఇంకొకటి ఉంది. ఈ గీతలన్నీ గీస్తున్నప్పుడు కింద ఎవరున్నారు?

తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు 2024 జనవరి ఆఖరుకు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. దక్షిణ ట్రిపుల్ ఆర్ సర్వే నంబర్లు బయటికొచ్చిన ఆగస్టు, అభ్యంతరాలు తీసుకున్న సెప్టెంబరు సరిగ్గా ఆ రెండేళ్లలోనే ఉన్నాయి. అంటే తీర్మానం చేయడానికి సర్పంచ్ లేడు, వార్డు సభ్యుడు లేడు, మండల పరిషత్ లేదు. ఊరి తరఫున మాట్లాడాల్సిన చోట కూర్చున్నది భూమి తీసుకుంటున్న ప్రభుత్వం జీతమిచ్చే ఉద్యోగి.

నగరం అంచులకు రండి. 2025 ఆఖరులో బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట, మణికొండ, శంషాబాద్, తెల్లాపూర్ లాంటి 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. అవును అనడానికో కాదు అనడానికో పాలకమండళ్లు ఉన్నాయా? దాదాపు అన్నిటి గడువూ ఆ ఏడాది జనవరిలోనే తీరిపోయింది. జీహెచ్‌ఎంసీ పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో 2021 ఫిబ్రవరి తర్వాత ఎన్నికైన బోర్డు లేదు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్ వేస్తున్నది అక్కడే. రోడ్డు వెడల్పు తగ్గించండి, మా ఇళ్లు, దుకాణాలు పోతున్నాయని రాజీవ్ రహదారి వెంబడి ఉన్నవాళ్లు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

యాదృచ్ఛికం అనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. పై నుంచి గీత గీసేవాళ్లకు కింద ఎన్నికైన మనిషి అడ్డు. కార్పొరేటర్ అయినా సర్పంచ్ అయినా రేపు ఓటు అడగాలి, కాబట్టి ఎంత లోబడినవాడైనా ఊరి ముందు ఏదో ఒకటి చెప్పి తీరాలి. ప్రత్యేకాధికారికి ఆ బెంగ లేదు, బదిలీ అయిపోతాడు. హెచ్‌ఎండీఏ పరిధిని ఇప్పుడు ట్రిపుల్ ఆర్ దాకా పెంచారు, పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ఇంత నేల మీద ఏ రోడ్డు ఎటు పోవాలో, ఏ పొలం రెసిడెన్షియల్ జోన్ కావాలో నిర్ణయించే సంస్థలో ఓటు వేసి పంపినవాళ్ల మాటకు చోటెక్కడుంది? రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణ తెచ్చిన 243జెడ్‌ఈ అధికరణం ప్రకారం పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతానికి ఒక ప్లానింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో దీనికి చట్టం కూడా చేశారు. ట్రిపుల్ ఆర్ అలైన్‌మెంట్ మీద కానీ మెట్రో రెండో దశ రూట్ల మీద కానీ అలాంటి కమిటీ కూర్చుని చర్చించిందని ఈ నగరంలో ఎవరూ వినలేదు.

ఊరూరా అడుగుతూ పోతే ఏ రోడ్డూ పడదంటారు. అందులో కొంత బాధ నిజమే. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ రోడ్డు పక్కన మర్రిచెట్ల కోసం కేసు వేసి దాని విస్తరణ ఆపారని ఆ రోజు చాలామంది తిట్టారు. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆ కోపం ఉండడం న్యాయం. అలైన్‌మెంట్ ముందే చెబితే రియల్టర్లు భూములు కొనేస్తారని అధికారులు ఇంకో మాట అంటారు.

రెండూ నిలబడవు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు దశాబ్దాలుగా రోడ్డు పక్కనే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ప్లాన్ వేసిన రోజే చెట్టు చెట్టూ లెక్కగట్టి ఊళ్ల ముందు పెట్టి ఉంటే గ్రీన్ ట్రైబ్యునల్‌లో ఏళ్లు గడిచేవి కావు. మొదట అడగకపోవడం వల్ల వచ్చిన ఆలస్యం అది. ఇక రియల్టర్ల సంగతి. రహస్యంగా ఉంచితే వాళ్లకు తెలియకుండా ఉందా? అవుటర్ నాడైనా, ఇవాళ ట్రిపుల్ ఆర్ చుట్టూ అయినా, వెంచర్ బోర్డులు గెజిట్ కన్నా ముందే లేచాయి. దళారి కారు వేసుకొచ్చి ఎకరం బేరమాడుతున్నప్పుడు ఆ రైతుకు ఇంటర్‌ఛేంజ్ ఎక్కడ వస్తుందో తెలియదు, కొనేవాడికి తెలుసు. గోప్యత వల్ల నష్టపోయేది ఒక్క రైతే. గీతను అందరికీ ఒకేరోజు చూపిస్తే ఆ తేడా పోతుంది.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులు ఇప్పుడు కుర్చీల్లో ఉన్నారు. చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ల మీదుగా సంగారెడ్డి దాకా గీత తాకిన ప్రతి పంచాయతీలో గ్రామసభ పెట్టి రెండు తీర్మానాలు చేయాలి. ఒకటి, పాత అలైన్‌మెంట్, కొత్త అలైన్‌మెంట్ మ్యాపులు సర్వే నంబర్లతో సహా, మార్పుకు కారణంతో సహా పంచాయతీ ఆఫీసుకు పంపాలని. రెండు, అవి వచ్చి ఊరు చూసేదాకా భూసేకరణ నోటిఫికేషన్ ఇవ్వొద్దని. తీర్మానం కాపీ కలెక్టర్‌కు, హెచ్‌ఎండీఏ కమిషనర్‌కు, జాతీయ రహదారుల సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అదే ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. ఇప్పుడు కమిషన్‌లో కమిషనర్లు ఉన్నారు, అప్పీలు వినక తప్పదు.