పన్ను ఒక్కరోజులో విరగదు
గేరు పన్ను విరిగిందంటే లోడు ఎక్కువైనట్టేనని గేర్ల మీద మీరు వేసిన వ్యాసంలో ఒక్క మాటతో తేల్చేశారు. దయచేసి విరిగిన ముక్కను వెలుతురులో తిప్పి చూడండి. పన్ను గేరుకు కలిసే మొదలు దగ్గర, ఆ వంపులో, ఒక చుక్క చుట్టూ అలల్లాంటి గీతలు కనిపిస్తే అది ఫెటీగ్ పగులే, అంటే పదే పదే లోడు పడి మెల్లగా పెరిగిన పగులు. చివర గరుకుగా ఉన్న భాగమే ఒక్కసారిగా తెగింది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే గేరులో ఒక్కో పన్ను మీద గంటకు 90,000 సార్లు లోడు పడుతుంది, ప్రతిసారీ పగులు కాస్త ముందుకు జరగొచ్చు. ఉక్కులో ఒత్తిడి రెట్టింపైతే పగులు పెరిగే వేగం దాదాపు 8 రెట్లవుతుంది. అందుకే వంపు దగ్గర ఒత్తిడి పోగయ్యేలా, గేరు కోసిన టూల్ గీత ఒక్కటి మిగిలినా నాకు టెన్షనే. షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో పైభాగాన్ని కొట్టడం) చేయిస్తే చాలా మేలు. ఇంకోటి, రిమ్, అంటే పళ్ల కింద ఉండే వలయం, మరీ పలచగా ఉంటే పగులు పన్నును వదిలేసి రిమ్‌లోకి దిగుతుంది. అప్పుడు పోయేది పన్ను కాదు, గేరే. వ్యాసంలో ఇది తప్పకుండా రాయాల్సింది.