మహాప్రాణాలను కాపాడుతున్నది మురికి కాలువే

పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు 36 అని తేల్చేశాడు. అందులో ఛ లేదు, థ లేదు, అంటే ఊపిరి ఒత్తి పలికే మహాప్రాణాలు లేవు. సంస్కృత సమాలతో, అంటే సంస్కృతం నుంచి నేరుగా తెచ్చుకున్న మాటలతో, కలిసి వస్తే రానిమ్మన్నాడు, అంతే. మరి రోజూ వాటిని బతికిస్తున్నది ఎవరు? పండితులా? కాదు, పూడిక తీయని కాలువ.

నవ్వు సంగతి చూడండి. పకపక, కిలకిల, ఇకఇక, ముసిముసి, కిసుక్కు... ఛ, థ లాంటి అక్షరం ఒక్కటీ లేదు. నవ్వడానికి ఇంటి సరుకు చాలు. ఎదుటివాడి నవ్వు నచ్చకపోతే దాన్ని గుర్రానికి అంటగట్టి ‘సకిలింపు’ అంటాం, అదీ అలాంటి అక్షరం లేకుండానే. రోత పుడితేనే అరువు అక్షరం కావాలి. ‘భాగ్యం’ని ‘బాగ్యం’ అనేవాడు కూడా బస్సులో కిళ్ళీ ఉమ్మి తొక్కగానే పాణిని మెచ్చేలా ‘ఛీ’ అంటాడు. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని ‘చీ’ అనండి, పెద్దగా కదలదు. ‘ఛీ’ అంటే ఎగురుతుంది.

‘థూ’కు ఇంకా కసరత్తు ఉంది. నాలుక కొన పైపళ్ళకు ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి, ఆపిన గాలిని ఒక్కసారి వదలాలి. అంటే ఉమ్మడానికి చేసే ఏర్పాటంతా ఉంటుంది, ఉమ్మి ఒక్కటే తక్కువ. గాలి చాలకపోతే ‘తూ’ అవుతుంది. రెండుసార్లంటే తూతూమంత్రమే, ‘నీ బతుకు చెడ’ అని ఎంత తగిలించినా ఎవరి బతుకూ చెడదు.

మన దాతృత్వం అక్కడితో ఆగలేదు. ప్రవచనంలో విన్నప్పుడు కర్మ, కరెంటు పోయినప్పుడు ఖర్మ. సంస్కృతానికే ఒత్తు దానం చేసిన జాతి మనది.

ఇప్పుడు ముప్పు ఫోన్లతో వచ్చింది. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే తెలుగులో తకూ థకూ ఒకటే టీహెచ్. అసహ్యమంతా చదివేవాడి దయ మీద పడింది. పగలబడి నవ్వానని చెప్పడానికి కొట్టే ఎల్ఓఎల్ మరీ అన్యాయం. 2011 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఎక్కింది గానీ, అందులో మహాప్రాణం మాట అటుంచి అసలు ప్రాణమే లేదు. కొట్టేవాడి మూతి కూడా కదలదు.

కనుక పురపాలక సంఘాలకు విన్నపం: ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం దాకా కాలువల జోలికి పోకండి. తీయక తప్పదంటే, తీసిన పూడికను గట్టు మీదే వదిలేయండి, ఎప్పుడూ వదిలేసినట్టే.