తలుపు వెనక ప్రాక్సీ

మా మేనల్లుడికి పని బాగా వచ్చు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే వాళ్ళ మేనేజరు ముందు ఫోన్ చేసేది వీడికే. అయినా మొన్న అప్రైజల్‌లో వాడి పేరు ఎదురుగా ‘మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్’ అని రాసి, పాలప్యాకెట్ ధర పెరిగినంత జీతం పెంచారు. అదే టీములోకి బయటి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు వీడి దగ్గరే పని నేర్చుకుంటూ వీడికంటే ఎక్కువ తెచ్చుకుంటున్నాడు.

ఇదెక్కడి న్యాయంరా అంటే, ‘బెల్ కర్వ్ మామయ్యా’ అన్నాడు. టీములో అందరూ బాగా చేసినా అందరికీ మంచి రేటింగ్ ఇవ్వకూడదట. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జాక్ వెల్ష్ అనే పెద్దమనిషి ఉద్యోగుల్ని పైన ఇరవై, మధ్యలో డెబ్భై, అడుగున పది శాతాలుగా విడగొట్టి, ఆ అడుగున ఉన్న పది శాతాన్ని ఇంటికి పంపమనేవాడు. ఆ గాలి మాదాపూర్ దాకా వీచింది. మావాడు డెబ్భైలో పడ్డాడు.

నాకు ఇవన్నీ కొత్త. 1984లో బి.ఎస్.ఆర్.బి. పరీక్ష రాసి బ్యాంకులో క్లర్కుగా చేరినవాణ్ణి. మాకు ఇంక్రిమెంట్ తేదీ ప్రకారం వచ్చేది. ప్రమోషన్ ఇస్తామంటే దాక్కునేవాళ్ళం, ఎందుకంటే ఆఫీసరైతే ట్రాన్స్‌ఫర్ ఖాయం. మా బ్రాంచిలో కెరీర్ గురించి సీరియస్‌గా ఆలోచించిన మనిషంటూ ఉంటే క్యాంటీన్ కాంట్రాక్టరే.

ఇప్పటి పిల్లలకు అలా కుదరదు. జీతం పెరగాలంటే కంపెనీ మారాలి, మారాలంటే తొంభై రోజుల నోటీసు పీరియడ్, ఆ తొంభై రోజులు ఆగే కంపెనీ దొరకాలి. అటు నరసరావుపేట నుంచి మా అక్క ఫోన్లు. సంబంధం వాళ్ళు ప్యాకేజీ అడుగుతున్నారు, ఏం చెప్పమంటావురా అని. ఆ ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా ఉంటుంది, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే ఉంటుంది, అయిదేళ్ళు ఉంటే తప్ప చేతికి రాని గ్రాట్యుటీ కూడా ఉంటుంది. రెండేళ్ళకోసారి కంపెనీ మారేవాడికి ఆ గ్రాట్యుటీ చూసుకుని మురవడానికే. అక్కకి ఇదంతా విడమరిచి చెప్పాను. అంతా విని, ‘సర్లే, పెద్ద అంకే చెప్తాను’ అంది.

అలా తిరగ్గా తిరగ్గా ఒక కంపెనీలో మావాడికి ఇంటర్వ్యూ కుదిరింది. శనివారం పొద్దున పది గంటలకు, వీడియో కాల్‌లో. మా ఆవిడ క్యాలెండర్ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. వాడు హెచ్ఆర్ అమ్మాయికి ‘మా ఏరియాలో నెట్ సమస్య’ అని మెయిల్ పెట్టి పదకొండుకి జరిపించుకున్నాడు. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అడగలేదు. వాళ్ళింట్లోనూ క్యాలెండర్ ఉండే ఉంటుంది.

మా ఫ్లాట్‌లో వైఫై బాగా అందేది మా పడగ్గదిలోనే. పొద్దున్నే మా ఆవిడ ఆ గది పని పట్టింది. బీరువా మీది అట్టపెట్టెలు, మంచం మీది బట్టల గుట్ట, కిటికీ ఊచలకి ఆరేసిన నా బనీన్లు, అన్నీ మాయం. బాత్రూం తలుపు తెరుచుకుంటే కెమెరాలో కనబడుతుందని, లోపలి కొక్కేనికి ముప్పయ్యేళ్ళుగా వేలాడుతున్న నా తువ్వాలు కూడా తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్లో పడేసింది. ఈ సంగతి నాకు చెప్పలేదు. కథకి ఇదే కీలకం.

శనివారం నాకు తలంటు. కుంకుడుకాయల రసం గిన్నెతో సహా పదిన్నరకి గదిలోని బాత్రూంలోకి వెళ్ళాను. పదకొండు లోపల బయటపడొచ్చు, ఆలస్యమేం కాదు. కానీ ఆ ఇంటర్వ్యూ చేసే ఆయనకి పదకొండుకి ఇంకేదో కాల్ పడిందట. పది నలభైకే రమ్మన్నాడు. మావాడు హాల్లోంచి పరుగున వచ్చి, తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేను లోపలున్నానని వాడికి తెలీదు. వాడు వచ్చాడని నాకూ తెలీదు. మా ఆవిడకి ఇద్దరి సంగతీ తెలుసు కానీ, ఆవిడ వంటింట్లో మిక్సీ వేస్తోంది.

తలకి రసం బాగా పట్టించి, కళ్ళు మూసుకుని, కుళాయి తిప్పాను. ఒక దగ్గు దగ్గింది, అంతే. పైన ట్యాంకు ఖాళీ. బకెట్లో చెంబెడు నీళ్ళు కూడా లేవు. కుంకుడు రసం నుదుటి మీంచి కనుబొమ్మ దాటి, ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. ఆ మంట ఎలా ఉంటుందో షాంపూ తరానికి చెప్పినా తెలీదు. కేక పెట్టబోతుండగా బయట ఇంగ్లీషు వినబడింది. కేక మింగేశాను. కుళాయి మాత్రం కట్టలేదు. నీళ్ళు వస్తే తెలియాలిగా.

తడుముకుంటూ కొక్కెం దాకా వెళ్తే తువ్వాలు లేదు. పొద్దున విప్పిన బట్టలు కూడా బయటే. సరే, ఇక బొమ్మలా నిలబడి వినడం మొదలుపెట్టాను.

మావాడి హెడ్‌ఫోన్లు సరిగ్గా పనిచేయక స్పీకర్లో పెట్టినట్టున్నాడు. ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. మొదట గదిలో ఎవరూ లేరని ల్యాప్‌టాప్ తిప్పి చూపించమన్నాడాయన. ఈమధ్య ఇది మామూలైపోయిందట. హైదరాబాదులో ప్రాక్సీ ఇంటర్వ్యూలు ఎక్కువయ్యాయి. కెమెరా ముందు ఒకడు పెదవులు ఆడిస్తుంటాడు, జవాబులు పక్కన కూర్చున్న ఇంకొకడు చెబుతుంటాడు. ఉద్యోగం వచ్చాక మొదటిరోజు కంప్యూటర్ ఎక్కడ ఆన్ చేయాలో అడుగుతాడు. అందుకే నిజంగా పని వచ్చినవాళ్ళు కూడా మంచం కింద దాకా చూపించాల్సి వస్తోంది. మావాడు నాలుగు గోడలూ చూపించి, ‘ఎవరూ లేరు సర్’ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

ఇంటర్వ్యూ బాగానే సాగింది. హాష్‌మ్యాప్ అన్నాడాయన, వీడేదో చెప్పాడు. మైక్రోసర్వీసులన్నాడు, దానికీ చెప్పాడు. గొంతులో తడబాటు లేదు. కళ్ళు మండిపోతున్నా నాకు ముచ్చటేసింది. చివరికి ఆయన, ‘ఉద్యోగుల పట్టికలోంచి రెండో అత్యధిక జీతం ఎవరిదో ఎలా బయటికి తీస్తావు? క్వెరీ రాయి’ అన్నాడు. డేటాబేస్ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న తప్పించుకున్నవాడు లేడట. మా బ్రాంచిలో అయితే క్వెరీ అక్కర్లేదు, హెడ్ క్యాషియర్‌ని అడిగితే ఎవరి జీతమెంతో, కటింగులెంతో, ఎవరెవరికి అప్పున్నారో కూడా చెప్పేవాడు.

మావాడు ఆలోచనలో పడ్డాడు. గదంతా నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ మోటారు వేశాడు.

ఖాళీ గొట్టంలోకి నీళ్ళొచ్చేటప్పుడు ముందు గాలి వస్తుంది. బుస్సుమని, ఆగి, గుర్రుమని, మళ్ళీ ఆగి, ఒక్కసారిగా ఖాళీ ప్లాస్టిక్ బకెట్లో ధడధడమని పడ్డాయి. నేను కంగారులో చెంబు వదిలేశాను. అది నాపరాయి మీద గిరగిరా తిరిగి తిరిగి, తనకి తోచినప్పుడు ఆగింది.

‘హూ ఈజ్ దేర్?’

‘ఎవరూ లేరు సర్’ అన్నాడు వీడు, మునుపటంత మనస్ఫూర్తిగా కాదు.

‘ఆ తలుపు తెరవండి.’

‘తీయకురా!’ అని నేను.

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మావాడు, ‘సర్, మా మామయ్య. స్నానం చేస్తున్నారు’ అన్నాడు. ఆయన నవ్వలేదు. ‘పోయిన వారం ఒకతనికి తాతగారు పూజ చేసుకుంటున్నారు. ఆ తాతగారికి జావాలో పదేళ్ళ అనుభవం ఉంది’ అన్నాడు. ఆ మాటతో ఇంగ్లీషు పోయి అచ్చమైన గోదావరి జిల్లా బయటపడింది.

‘ఏవండీ లోపలున్న బాబాయ్ గారూ, హాష్‌మ్యాప్‌లో రెండు కీలు ఒకే చోట పడితే ఏమవుద్దండీ?’

నాకు ఆ క్షణంలో కళ్ళు కడుక్కోవడమే ముఖ్యం. గబగబా నాలుగు చెంబులు గుమ్మరించుకుని, ‘బాబూ, నాకు అవేమీ తెలీవు. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్లో రిటైరయ్యాను’ అన్నాను.

‘ఏం లోన్లండీ?’ పోలీసు అడిగినట్టే అడిగాడు.

‘హౌసింగ్.’

అటు నుంచి చప్పుడు లేదు. కాల్ కట్టయిందనుకున్నాను. కాసేపటికి ఆ గొంతు బాగా తగ్గి వినబడింది. ‘బాబాయ్ గారూ, ఏమనుకోకపోతే ఒక మాటండీ. నేను 2017లో ఇల్లు కొన్నానండీ, నల్లగండ్లలో. 2025లో రెపో రేటు, అదే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు, ఆరున్నర నుంచి అయిదుంపావుకి దిగిందని పేపర్లో రాశారు. నా ఈఎంఐ మాత్రం కదల్లేదండీ. ఎందుకంటారు?’

ముప్పయ్యెనిమిదేళ్ళు కౌంటర్ అవతల కూర్చున్నవాణ్ణి. ఒంటి మీద బట్ట లేకపోయినా ఆ ప్రశ్న వింటే నోరు ఆగదు. ‘2017 అంటే మీది ఎంసీఎల్ఆర్ మీద, అంటే బ్యాంకు తన ఖర్చు చూసుకుని తనే వేసుకునే రేటు మీద ఇచ్చిన లోన్ అయ్యుంటుంది. రెపో తగ్గినా దానికి ఆ సంగతి నిదానంగా తెలుస్తుంది. 2019 అక్టోబరు నుంచి మారే రేటుతో ఇచ్చే కొత్త ఇళ్ళ లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టమని రిజర్వు బ్యాంకు చెప్పింది. మూడు నెలలకోసారైనా రేటు సవరించాలి. పాతవాళ్ళు మారాలంటే బ్రాంచికి వెళ్ళి కాగితం రాసివ్వాలి, కొంత ఫీజు ఉంటుంది’ అన్నాను.

‘వాళ్ళంతట వాళ్ళు మార్చరాండీ?’

‘వాళ్ళెందుకు మారుస్తారు బాబూ?’

మాటలు స్పష్టంగా వినబడటం లేదని ఆయన అంటే, మావాడు హారతి పళ్ళెం పట్టినట్టు ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి బాత్రూం తలుపు దగ్గర పట్టుకున్నాడు. నేను ఇటు నుంచి చెబుతూనే ఉన్నాను. స్టేట్‌మెంట్ తెప్పించుకో, ఈఎంఐ తగ్గకపోయినా వాయిదాల సంఖ్య తగ్గిందేమో చూడు, బోనస్ వస్తే అసలుకి కట్టేయి, ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కి ముందే కడితే పెనాల్టీ లేదు అని. ఆయన రాసుకుంటున్న చప్పుడు కూడా వినబడింది. తన జీతమెంతో, అప్పు ఇంకెంత ఉందో, మామగారి దగ్గర ఎంత చేబదులు తీసుకున్నాడో అన్నీ చెప్పాడు. రెండో అత్యధిక జీతం సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇంతలో మిక్సీ ఆపి మా ఆవిడ తువ్వాలు పట్టుకుని వచ్చింది. మేనల్లుడు బాత్రూం తలుపుకి కంప్యూటర్ చూపిస్తున్నాడు, తలుపు వెనక నుంచి భర్త వడ్డీ రేట్లు చెబుతున్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు. తలుపు సందులోంచి తువ్వాలు అందించి, స్క్రీన్ మీద మనిషికి నమస్కారం పెట్టింది.

‘నమస్కారమండీ పిన్నిగారూ, కంగారేం లేదండీ, ఇంటర్వ్యూ అవుతోంది’ అన్నాడాయన.

ఎవరి ఇంటర్వ్యూ అని మావాడు తర్వాత నన్ను నిలదీశాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. ఆ క్వెరీ వాడికి వచ్చట, చెప్పే అవకాశమే రాలేదట. ఇప్పుడు ఉద్యోగం వస్తే అది జావా వల్ల వచ్చిందో ఎంసీఎల్ఆర్ వల్ల వచ్చిందో జన్మలో తేలదట. వాడి బాధలో న్యాయముంది. కానీ బెల్ కర్వ్ వల్ల పోయింది బకెట్ వల్ల వస్తే తప్పేమిటి అని మా ఆవిడ అంది. దానికీ వాడి దగ్గర జవాబు లేదు.

బుధవారం నాకు ఫోన్ వచ్చింది. ఆయనే. ఇంటర్వ్యూ చివర్లో నా నంబర్ తీసుకున్నాడు. ‘బాబాయ్ గారూ, బ్యాంకుకెళ్ళి కాగితం ఇచ్చొచ్చానండీ. ఒకటింబావు శాతం దాకా తగ్గుద్దంట. మా ఆవిడ మిమ్మల్ని భోజనానికి పిలవమందండీ’ అన్నాడు. చాలా సంతోషం బాబూ అని, ఇంతకీ మావాడి సంగతేమైంది అని అడిగాను.

‘అయ్యబాబోయ్, అది చెప్పకూడదండీ బాబాయ్ గారూ’ అన్నాడు. ‘కాన్ఫిడెన్షియల్.’