మేం రెండున్నర మందిమే

మా స్కూటీ మీద ఇద్దరే కూర్చోవాలట. ఉప్పల్‌లో పొద్దున ఎనిమిదింటికి మా వీధిలోకి ఒకసారి వస్తే చట్టానికే తెలిసేది, ఎంతమంది పడతారో. వెనకాల మా ఆవిడ, మెట్రో దగ్గర దిగిపోతుంది. మా ఇద్దరి మధ్యలో మూడో తరగతి పెద్దది, వీపున తనకన్నా బరువైన బ్యాగుతో. ముందు నర్సరీ చిన్నోడు, నిలబడి. కొక్కేనికి లంచ్ బ్యాగులు. ఎనిమిది ఇరవైకి స్కూలు గేటు మూసేస్తారు. ఆ టెన్షన్ తప్ప ఇంకేదీ మా బండి మీద పట్టదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం నడిపేవాడు కాక ఇంకొక్కరే అంటుంది. సరే, లెక్క చూద్దాం. ఆర్టీసీ బస్సులో చిన్నోడికి టికెట్టే లేదు, 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఫ్రీ చేసేదాకా పెద్దదానికి హాఫ్ టికెట్. అంటే మేం రెండున్నర మందిమి. అరమనిషి ఎక్కువైతే వెయ్యి రూపాయలు ఫైనా?

నాలుగేళ్లు దాటిన ప్రతి తలకీ హెల్మెట్ ఉండాలట. కొన్నాం. పిల్ల ఎదుగుతుంది కదా అని ఒక సైజు పెద్దదే కొన్నాం. అది వదులుగా ఉందని అటక మీద పెట్టాం. నేను మాత్రం ఐఎస్‌ఐ మార్కుది రోజూ పెట్టుకుంటాను. ఇంట్లో ఒక్క తలైనా మిగలాలి కదా.

నాలుగేళ్ల లోపు వాళ్లకి 2023 ఫిబ్రవరి నుంచి ఇంకో రూలు. బుజ్జి హెల్మెట్ పెట్టి, వెనక కూర్చోబెట్టి, బెల్టుతో నడిపేవాడికి కట్టేసుకోవాలి. స్పీడు 40 దాటకూడదు. 40 దాటకపోవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు, ఉప్పల్ ట్రాఫిక్‌లో ఆ అంకె చూసి ఎన్నాళ్లయిందో. కానీ వాణ్ని వెనక కడితే హారన్ ఎవరు కొడతారు? ముందు నిలబడితేనే వాడికి గాలి, మాకు సైరన్. సడెన్ బ్రేకు పడితే హ్యాండిల్‌కి ముందు తగిలేది వాడి నుదురే. ఆ తర్వాతే నా ఛాతీ. కార్లలో దీన్నే ఎయిర్‌బ్యాగ్ అని డబ్బులు తీసుకుంటారు.

చలానాలంటారా, వాటి సంగతి మా ఆవిడ చూసుకుంటుంది. 2022లో తెలంగాణలో టూవీలర్ల పెండింగ్ చలానాల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80. ఆషాఢం సేల్లో కూడా అంత తగ్గించరని, ఇప్పుడు ఒక్కటీ కట్టనివ్వట్లేదు.

మొన్న ఇంకోటి వచ్చింది. ఫోన్లో పెద్దది చేసి చూశాం. ఆవిడ చున్నీ నంబర్ ప్లేటు మీద వేద్దామనుకునే లోపే కెమెరా పట్టేసింది. పెద్దది వెనకనుంచి తొంగి చూస్తోంది. చిన్నోడు అద్దం పట్టుకుని కెమెరా వైపే నవ్వుతున్నాడు. ఈ ఏడాది మా నలుగురం కలిసి దిగిన ఫొటో అదొక్కటే. ప్రింటు తీయిద్దామంటోంది ఆవిడ.